ఆరుసార్లు పరిగెత్తించిన బావగారు

మా బావగారు పోయారు. ఈ జనవరిలో ఒక సోమవారం పొద్దున, శాంటా క్లారాలో నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మిషిగన్ నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావగారు పోయారే" అంది. "అంబులెన్స్ తొమ్మిది నిమిషాలకి వచ్చింది. ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చేతికున్న వాచీ చూస్తూనే కూర్చున్నారు. వాళ్లు లోపలికి రాగానే 'నైన్ మినిట్స్' అన్నారు. ఇంకేం మాట్లాడలేదు."

ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. పెళ్లాన్ని చూడాల్సిన మనిషి, దేవుణ్ణి తలచుకోవాల్సిన మనిషి, వాచీ చూసుకుంటూ పోయాడు. చదివేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను, ఇది పొగడ్త కాదు. పదేళ్లకి పైగా ఆయనతో వాదించాను, ఇంకా వాదన పూర్తి కాలేదు. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో చెప్పాలన్నా ఆ వాదన చెప్పకుండా కుదరదు.

బావగారి ఉద్యోగం నోవై అనే ఊరి దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో. ఆ పనిని టైమ్ స్టడీ అంటారు. ఒక మనిషి ఒక బోల్టు బిగించడానికి ఎంతసేపు పడుతుందో, చంకలో అట్ట, చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని, పక్కన నిలబడి కొలవడం. ఒకసారి కాదు, చాలాసార్లు. షిఫ్టు మొదట్లో, భోజనం ముందు, ఇంటికెళ్లే ముందు. అన్నీ కలిపి సగటు తీసి, ఈ పనికి ఇంత సమయం అని సంతకం పెట్టాలి. అలాంటి మనిషంటే లైన్‌లో వాళ్లకి ఎంత ప్రేమ ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. అయినా ఒక్క మాట మాత్రం వాళ్లూ ఒప్పుకునేవారు. ఇదే పని చేసే కొందరు, మనిషి మంచి ఊపులో ఉన్నప్పుడు కొలిచి, రోజంతా అలాగే చెయ్యమనేవారు. ఈయన అలిసిపోయిన చేతిని కూడా లెక్కలోకి తీసుకునేవారు. "ఒకసారి చేసింది అదృష్టం అమ్మాయ్, ఆరోసారి చేసింది పని" అనేవారు.

ఈ కొలవడం ఫ్యాక్టరీలోనే పెట్టుకుంటే బాగానే ఉండేది. ఇంటికి కూడా తెచ్చారు. కాఫీ డికాక్షన్ దిగడానికి ఎంత, అక్క చీర కట్టుకోవడానికి ఎంత, ఎవరింటి బేస్‌మెంట్‌లోనో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే ఒక్కో కథకి ఎంత, అన్నీ కొలిచేవారు. చేతిలో వాచీ లేకపోయినా బొటనవేలు చూపుడువేలి మీద నొక్కుకునేది, ఎవరైనా మెట్లెక్కడం మొదలుపెడితే నొక్కడం, పైకి చేరగానే తియ్యడం. "మీ బావగారితో వేగలేక చస్తున్నానే" అని అక్క నాతో వారానికి రెండుసార్లయినా అనేది.

డెబ్బైల చివర నేను చదువుకోడానికి వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాను. మొదటి చలికాలం, తిరిగి వెళ్లిపోతానని ఏడుస్తూ కూర్చున్న రోజుల్లో, ఆయన షిఫ్టుకి వెళ్లే ముందు నా కారు అద్దాల మీద మంచు గీకి, ఇంజన్ వేడెక్కించి మరీ వెళ్లేవారు. ఎన్ని నిమిషాలు పట్టిందో అది కూడా చీటీ మీద రాసి స్టీరింగ్‌కి అంటించేవారు. కాలేజీలో ఆటల ఆఫీసుకి టైపిస్టు కావాలని తెలిసి, నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆరుసార్లు టైప్ చేయించి, సగటు వేసి, సంతకం పెట్టిన కాగితంతో సహా పంపించారు. "మొదటిసారి బాగా కొట్టాను కదా, అది రాయొచ్చుగా?" అంటే, "రోజంతా నువ్వు మొదటిసారి కొట్టినట్టే కొడతావా?" అన్నారు. ఉద్యోగం వచ్చింది. వచ్చింది కాబట్టి నేను ఆ కాగితం గురించి ఇంకేం అనుకోలేదు. అప్పుడే అనుకోవాల్సింది.

ఇక్కడి ఫుట్‌బాల్ బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒకడు దూరంగా విసిరితే, ఉరికి వెళ్లి దాన్ని అందుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. మా చిన్న కాలేజీలో ఆ ఏడాది వెండెల్ అనే రిసీవర్ ఉండేవాడు. డెట్రాయిట్ కుర్రాడు, వాళ్లమ్మ స్కూల్ బస్సు నడిపేది. మా ఆఫీస్ ఫోన్‌లో రోజూ అమ్మతో మాట్లాడుకోవడానికి వచ్చేవాడు. ఒకసారి నా డబ్బాలో పులిహోర రుచి చూశాడు, ఆ తరవాత నేను తెచ్చినప్పుడల్లా సగం అతనికే పోయేది. ప్రతి వసంతంలో పెద్ద జట్లన్నీ కూర్చుని, కాలేజీ ఆటగాళ్లని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పెద్ద కాలేజీలకైతే జట్ల మనుషులే వచ్చి చూసుకుంటారు. మాలాంటి కాలేజీ నుంచి వెళ్లేది ఒక కాగితం. పేరు, ఎత్తు, బరువు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, కొలిచినవాడి సంతకం. చూసేవాళ్లు ముందు సెకన్లు చూస్తారు, నచ్చితేనే పేరు చదువుతారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలన్నారు గానీ, ఆ కాగితం మీద నిలబడ్డవాడికి నీళ్లు కూడా పుట్టవు.

ఎప్పుడూ కొలిచే అతను ఐసు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కోచ్ ఇంకో రాష్ట్రం వెళ్తూ, "ఎవరైనా నమ్మకమైన మనిషి ఉంటే చూడు" అని నాకు చెప్పాడు. నమ్మకమైన మనిషి! మా ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకున్నాను. అడుసు తొక్కడం అంటే అదే.

శనివారం పొద్దున, బయట మంచు పడుతుంటే, జిమ్‌లో కొలిచారు. బావగారు టేపుతో నలభై గజాలు రెండుసార్లు సరిచూసుకున్నారు. వెండెల్ పరిగెత్తాడు, నాలుగున్నర సెకన్లు. మళ్లీ పరిగెత్తాడు, మళ్లీ నాలుగున్నర. అతను నవ్వుతూ బూట్లు విప్పబోతే, "వన్స్ మోర్" అన్నారు ఈయన. ఇంకోసారి. ఇంకోసారి. మధ్యలో ఒక్కో నిమిషం ఆగనిచ్చారు, అంతే. "యెస్ సర్" అంటూ పెద్దల మాట కాదనని కుర్రాడు ఆరుసార్లు పరిగెత్తాడు. నాలుగున్నర, నాలుగున్నర, నాలుగు పాయింట్ ఆరు, నాలుగు పాయింట్ ఎనిమిది, ఆఖరి రెండూ నాలుగు పాయింట్ తొమ్మిది. బావగారు అట్ట మీదే కూడి, భాగించి, నాలుగు పాయింట్ ఏడు అని రాసి, తెలుగులో, ఒత్తులన్నీ కనిపించేలా పూర్తి సంతకం పెట్టి నాకిచ్చారు.

రెండుసార్లు పరిగెత్తించి మంచిది రాయడం ఈ దేశంలో ఆనవాయితీ. అది ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. నేను టైప్ చేశాను. ఇరవై ఎనిమిది జట్లకి ఇరవై ఎనిమిది కవర్లు, నేనే నాలికతో తడిపి అంటించాను.

కోచ్ తిరిగొచ్చి నకలు చూసుకున్నాడు. అరవలేదు, అదే నాకు భయమేసింది. మెల్లిగా అన్నాడు, "నాలుగున్నర అయితే వీణ్ణి తీసుకుంటారు. నాలుగు పాయింట్ ఏడు అయితే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. మీ బంధువుని ఇంకో కాగితం మీద నాలుగున్నర రాసి సంతకం పెట్టమను. ఆయన సంతకమే ఉండాలి, లేకపోతే మేమే కల్పించామనుకుంటారు."

ఆ సాయంత్రం బావగారికి చెప్పాను. చపాతీ తుంపుతూ విన్నారు.

"నేను రాసింది తప్పా?" అన్నారు.

"తప్పని కాదు బావగారూ. వాళ్లడిగేది బెస్ట్ టైమ్."

"కాగితం మీద బెస్ట్ అని లేదే. టైమ్ అని ఉంది."

"అందరూ బెస్టే రాస్తారట."

"అందరూ రాస్తే నేనూ రాయాలా? ఆటలో వాడు అరవైసార్లు పరిగెత్తాలి. మొదటిసారి ఎంతో ఎవడిక్కావాలి? అయినా ఆ పరుగుకి అర్థం ఉందా అసలు? తిన్నగా నలభై గజాలు, ఎదురు ఎవడూ లేకుండా, బంతి లేకుండా! ఇది బంతి పట్టుకునేవాడి పనేనా?"

"అర్థం లేనిదే అయితే నాలుగున్నర అని రాస్తే మీదేం పోయింది?"

"అర్థం లేనిదానికి సంతకం మార్చుకోమంటావా?"

తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అక్క చపాతీల గిన్నె ఠప్పున పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మరి ఏం రాస్తారంటే, ఆరూ రాస్తానన్నారు. పైగా రాత్తిరికి రాత్తిరి రాయరట, ముందు పని చూడాలట.

పని చూడ్డం అంటే, కోచ్‌ని బతిమాలి ఆ సీజన్ ఆటల ఫిల్ములు ఇంటికి తెచ్చుకోవడం. రెండు ఆదివారాలు బేస్‌మెంట్‌లో అక్క దుప్పటి గోడకి కట్టి, ప్రొజెక్టర్ ముందు కూర్చున్నారు. వెండెల్ మలుపు తిరిగిన క్షణం నుంచి బంతి చేతిలో పడే క్షణం వరకూ కొలిచారు. మలుపులో మిగతావాళ్లు వేగం పోగొట్టుకుంటారట, ఇతను పోగొట్టుకోడట. సీజన్ మొత్తంలో ఇతను తిన్నగా నలభై గజాలు ఒక్కసారి కూడా పరిగెత్తలేదట. మూడు పేజీలు రాశారు. చదివితే, నిజం చెప్పొద్దూ, నాకే కళ్లు తెరుచుకున్నాయి. నలభై గజాల పరుగుతో రిసీవర్ని కొలవడం, వంట బాగా చేస్తుందా అని అడిగి బజారుకి ఎంత తొందరగా వెళ్లొస్తుందో చూడ్డం లాంటిదని ఇవాళ్టికీ నమ్ముతాను. ఆ విషయంలో బావగారిదే రైటు.

కానీ రైటవడం వేరు, పని జరగడం వేరు. "ముఖ్యం కాదని మీకు తెలిస్తే చాలదు బావగారూ, చదివేవాడు ముఖ్యం అనుకుంటున్నాడు!" అని నెత్తీ నోరూ మొత్తుకున్నాను. మూడు పేజీలూ ఇరవై ఎనిమిది కవర్లలో వెళ్లాయి. పైన ఆరు నంబర్లు, కింద ఒత్తులతో సహా సంతకం.

డ్రాఫ్ట్‌కి వారం ముందు ఒక జట్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కోచ్ భోజనానికి వెళ్లాడు. ఫిల్ములు తిరిగిచ్చేయడానికి వచ్చిన బావగారు నా బల్ల ముందే ఉన్నారు. ఫోన్‌లో మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "మీ కుర్రాడి గురించి పెద్ద ఉత్తరం వచ్చింది. నాకు చదివే టైమ్ లేదు. ఒక్క నంబర్ చెప్పండి చాలు" అన్నాడు.

ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాను. "బావగారూ, నాలుగున్నర అని చెప్పనా? అబద్ధం కాదు. రెండుసార్లు పరిగెత్తాడు."

"ఆరూ చెప్పు" అన్నారు.

ఆయనకి ఎదురు చెప్పలేక కాదు. చలికాలమంతా పొద్దున్నే నా కారు అద్దం మీద మంచు గీకిన చెయ్యి నా బల్ల మీద ఉంది. చెప్పడం మొదలుపెట్టాను. "నాలుగున్నర, నాలుగున్నర, నాలుగు పాయింట్ ఆరు..." నాలుగోది చెప్పేలోపు "అంటే మీకే తెలీదన్నమాట" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మొదటి నంబర్ దగ్గర ఆగిపోతే సరిపోయేది. ఇన్నేళ్లుగా బావగారి మీద చూపించిన కోపంలో సగం నా మీద నాకున్నదే.

డ్రాఫ్ట్ రెండు రోజులు. వెండెల్ టై కట్టుకుని వాళ్లమ్మతో కోచ్ గదిలో కూర్చున్నాడు. అక్క పెద్ద గిన్నెడు పులిహోర పంపింది. ఎన్నడూ సెలవు పెట్టని బావగారు రెండు రోజులూ సెలవు పెట్టారు. ఫోన్ రెండుసార్లే మోగింది, ఒకటి తివాచీలమ్మేవాడు, ఒకటి రాంగ్ నంబర్. రెండో రోజు సాయంత్రం ఇక అయిపోయిందని కోచ్ చెప్పాడు. వెండెల్ లేచి అందరితో చెయ్యి కలిపాడు. బావగారి దగ్గరికొచ్చి, "థాంక్యూ సర్. మీరు రాసిందంతా నిజమే సర్" అన్నాడు. వాళ్లమ్మ మాత్రం ఆయన వైపు చూడలేదు.

కార్లో నేను అరిచాను. ఏమేం అన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు ఆయన బొటనవేలు స్టీరింగ్ మీద కదలకుండా ఉండటం చూశాను.

ఆ తరవాత నేను చదువు ముగించి కాలిఫోర్నియా వచ్చేశాను. అక్కకి ఫోన్ చేసినప్పుడల్లా, ఆఖర్న బావగారికి ఇమ్మనేదాన్ని.

"ఒప్పుకుంటారా?"

"ఏం ఒప్పుకోవాలి?"

"ఆ రోజు నాలుగున్నర అని సంతకం పెట్టాల్సింది."

"నంబర్ తప్పు కాదమ్మాయ్. చలిగా ఉందా అక్కడ?"

శాంటా క్లారాలో చలేమిటి! ఏళ్ల తరబడి ఇదే. నా పెళ్లి రోజున కూడా అడిగాను. అక్షింతలు వేస్తూ, "నంబర్ తప్పు కాదు" అన్నారు.

జనవరిలో నేను వెళ్లాక వచ్చిన ఆదివారం, వాకిట్లో ఒక పొడవాటి మనిషి బూట్లు విప్పి, మంచు దులిపి, మిగతా చెప్పుల పక్కన జాగ్రత్తగా పెట్టాడు. లోపలికొచ్చాక గుర్తుపట్టాను. వెండెల్. జుట్టు కాస్త పల్చబడింది. ఎవరూ చెప్పకుండానే మాతో పాటు చాప మీద కూర్చున్నాడు. ఇప్పుడు డెట్రాయిట్ వైపు ఒక హైస్కూల్‌లో పాఠాలు చెబుతూ, పిల్లలకి కోచ్‌గా కూడా ఉంటున్నాడట.

"నిన్న శనివారం ఆయన రాలేదు, మేడమ్. ఎనిమిదేళ్లలో చెప్పకుండా మానడం ఇదే మొదటిసారి. అందుకని కనుక్కున్నాను" అన్నాడు.

"ఎక్కడికి రాలేదు?" అని అడిగాను.

"మా స్కూల్‌కి. మా పిల్లల పరుగు కొలవడానికి."

అక్క మొహంలోకి చూశాను. "శనివారాలు లైబ్రరీకి అనేవారే" అంది అక్క. "లైబ్రరీ నుంచి వస్తే ప్యాంటుకి పచ్చగడ్డి ఎందుకంటుకునేదో ఇప్పుడు తెలిసింది."

నాకు ఒకటే ప్రశ్న. "ఎన్నిసార్లు పరిగెత్తించేవారు?"

వెండెల్ నవ్వాడు. "రెండుసార్లే, మేడమ్. మంచిదే రాసేవారు. మిగతావి పిల్లవాణ్ణి పక్కకి పిలిచి చెవిలో చెప్పేవారు. నేను ఒకసారి అడిగాను, సగటు ఏమైంది సర్ అని. 'చదివేవాడు ఒక్కటే అడుగుతాడు, ఆ ఒక్కటీ మంచిది ఇవ్వాలి. తక్కినవి పరిగెత్తేవాడికి తెలిస్తే చాలు' అన్నారు. 'మా మరదలికి మాత్రం చెప్పకు, రాసిమ్మంటుంది' అన్నారు."

రాసిమ్మంటానట! చచ్చిపోయాక కూడా నన్ను వెక్కిరించే మనిషిని ఏం చెయ్యను? వెండెల్ కోటు లోపలి నుంచి మడతపెట్టిన కాగితాలు తీసి నాకిచ్చాడు. ఏడాదికొకటి చొప్పున ఎనిమిది. ప్రతి కాగితం మీదా పిల్లల పేర్లు, పక్కన ఒక్కో నంబర్. ప్రతి కాగితం మీదా అన్నిటికంటే పైన, పిల్లలు అందుకోవాల్సింది ఇదీ అన్నట్టు, ఒకే పేరు: వెండెల్, నాలుగున్నర. ప్రతి కాగితం కిందా, ఒత్తులన్నీ కనిపించేలా, పూర్తి సంతకం.

నేను ఒక్క సంతకం అడిగాను. నాకు తెలియకుండా ఎనిమిది పెట్టారు, ఏ జట్టూ ఎన్నటికీ చదవని కాగితాల మీద. ఒక్కసారి ఫోన్‌లో చెబితే ఏం పోయేది ఆయనకి! ఆ చాప మీద కూర్చుని, కోపంతోనే, ఆయన పోయాక మొదటిసారి ఏడ్చాను. వెండెల్ తల వంచుకుని అక్క పెట్టిన ఉప్మా తిన్నాడు. "అమ్మ బాగుందా?" అని అడిగితే, రిటైరైందనీ, బావగారు పోయారని చెబితే ప్రార్థన చేస్తానందనీ చెప్పాడు.

వెళ్లేటప్పుడు కాగితాలు నా దగ్గరే ఉంచమన్నాడు. అక్క పులిహోర డబ్బా చేతికిచ్చింది. నేను తలుపు అద్దం దగ్గర నిలబడ్డాను. అతను మెట్టు దిగి, కొత్తగా పడ్డ మంచులో, డబ్బా జాగ్రత్తగా పట్టుకుని, నెమ్మదిగా కారు వైపు నడిచాడు. అతను మొదటి అడుగు వేసినప్పుడే నా బొటనవేలు చూపుడువేలి మీద నొక్కుకుంది. అతను కారెక్కాడు, కారు మలుపు తిరిగి వెళ్లిపోయింది. వేలు తియ్యడం మర్చిపోయి నేను అక్కడే నిలబడ్డాను.